ఢిల్లీ నుంచి పాలం దాకా

విమానయానపు తొలి దశాబ్దాల్లో విమానాశ్రయమంటే ఊరి అంచున ఉండే విశాలమైన మైదానమే కాబట్టి, దానికి ప్రత్యేకంగా రైలు కావాలన్న ఆలోచన చాలా నగరాల్లో రాలేదు. విమానాలు పెద్దవై, రన్‌వేలు పొడవై, రొద పెరిగి ఆ మైదానాలు నగరానికి దూరంగా జరిగిన కొద్దీ, ఆకాశంలో ఆదా అయిన సమయమంతా నేల మీద ఖర్చయిపోవడం మొదలైంది. బెర్లిన్‌లో 1927లోనే టెంపుల్‌హోఫ్ మైదానం చెంతకు భూగర్భ రైలు చేరింది. లండన్‌కు దక్షిణాన గాట్విక్‌లో 1936లో టెర్మినల్‌ను రైల్వే స్టేషన్‌తో కలుపుతూ నేల కింద నడవా కట్టారు. 1977 డిసెంబరులో లండన్ పికడిల్లీ మార్గం హీత్రూ విమానాశ్రయం కిందికి వచ్చింది. ఈ మూడు చోట్లా ఊరి జనం రోజూ ఎక్కే రైలే విమాన ప్రయాణికులనూ మోసింది. 1998లో హీత్రూ ఎక్స్‌ప్రెస్, హాంకాంగ్ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మొదలయ్యాక మరో పద్ధతికి ఆదరణ పెరిగింది. కొద్దిపాటి స్టేషన్లు, ఎక్కువ వేగం, ఎక్కువ చార్జీ, సామాను పెట్టుకోవడానికి చోటు, విమానం ఎక్కేవారినే దృష్టిలో పెట్టుకున్న ఏర్పాట్లు ఈ పద్ధతికి గుర్తులు. ఢిల్లీ 2008లో ఈ రెండో పద్ధతిని కోరి తెచ్చుకుంది, అయిదేళ్లు గడవకముందే మొదటి పద్ధతికి మళ్లవలసి వచ్చింది; ఆ మళ్లింపు వెనక ఒక వంతెన, ఒక ఒప్పందం, పన్నెండేళ్ల వ్యాజ్యం ఉన్నాయి.

ఢిల్లీకి పాలం దగ్గరా దూరమా అన్నది ఆయా కాలాల కొలతను బట్టి మారుతూ వచ్చింది. పేరుకు లోకానికే రాజైన షా ఆలం ఏలుబడి ఢిల్లీ నుంచి పాలం దాకానే సాగిందని ఎత్తిపొడిచే ఒక పర్షియన్ నానుడిని కొందరు 15వ శతాబ్దపు సయ్యద్ వంశపు చివరి సుల్తానుకూ, ఎక్కువమంది 18వ శతాబ్దపు మొగలు చక్రవర్తి రెండవ షా ఆలంకూ అన్వయిస్తారు. ఎవరికి అన్వయించినా, రాజధాని ముంగిట్లోనే ఉన్న పల్లెగా పాలం అందులో నిలిచిపోయింది. ఊరు ఆ నానుడి కంటే పాతది. బాల్బన్ కాలంలో ఉద్ధరుడనే ఠక్కురుడు అక్కడ మెట్లబావి తవ్వించిన సంగతిని 13వ శతాబ్దపు సంస్కృత శాసనం చెబుతుంది. 1873లో ఢిల్లీ నుంచి రేవాడీకి వేసిన మీటర్ గేజ్ రైలు మార్గం ఆ పక్కగానే సాగింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక విమానాల కోసం అక్కడ మైదానం సిద్ధం చేశారు. వెల్లింగ్డన్ పేరుతో మొదలై తర్వాత సఫ్దర్‌జంగ్‌గా పేరు మారిన నగరంలోని పాత మైదానం పెద్ద విమానాలకు చాలక, పౌర విమానాల రాకపోకలు 1962లో పాలంకు మారాయి. పాలం స్టేషన్ అంత చేరువలో ఉన్నా టెర్మినల్‌ను ఆ పట్టాలతో కలిపే ప్రయత్నం జరగలేదు. విమానం ఎక్కేవాడు కారులో వస్తాడన్న నమ్మకమే ఆనాటి ప్రణాళికలన్నిటికీ పునాది అయినందువల్ల, పక్కనే ఉన్న రైలును ఆ రచయితలు రైలుగా చూడలేకపోయారు.

1986లో కొత్త అంతర్జాతీయ టెర్మినల్ తెరిచి విమానాశ్రయానికి ఇందిరా గాంధీ పేరు పెట్టారు. 2006లో దాని నిర్వహణ జీఎంఆర్ సంస్థ నాయకత్వంలోని ఉమ్మడి సంస్థకు దక్కింది. ఉత్తరాంధ్రలోని రాజాం నుంచి ఎదిగిన వ్యాపార కుటుంబం చేతిలోకి దేశ రాజధాని విమానాశ్రయం రావడం ఆనాడు తెలుగునాట విశేషంగా చెప్పుకున్న సంగతి. ఆ సంస్థ కట్టిన టెర్మినల్ 3 2010 జులైలో ప్రారంభమైంది. మరోవైపు, 1995లో కేంద్ర, ఢిల్లీ ప్రభుత్వాల సమాన భాగస్వామ్యంతో ఏర్పడిన ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్, ఈ. శ్రీధరన్ సారథ్యంలో 2002 డిసెంబరులో తొలి రైలు నడిపి, చెప్పిన గడువుకు పని ముగించే సంస్థగా పేరు తెచ్చుకుంది. 2010 అక్టోబరు 3 నుంచి 14 వరకు ఢిల్లీలో కామన్‌వెల్త్ క్రీడలు జరగవలసి ఉండింది. పెద్ద టెర్మినల్, నమ్మకమైన మెట్రో సంస్థ, జరపడానికి వీల్లేని తేదీ కలిసివచ్చినప్పుడు విమానాశ్రయ రైలు ఆలోచన కాగితం దాటింది.

అయితే ఈ మార్గాన్ని మిగతా మెట్రో మార్గాల్లాగా కట్టలేదు. 2008 ఆగస్టు 25న మెట్రో కార్పొరేషన్, రిలయన్స్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌కు అధిక వాటా, స్పెయిన్‌కు చెందిన రైలు పెట్టెల తయారీ సంస్థ కాఫ్‌కు స్వల్ప వాటా ఉన్న ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ మెట్రో ఎక్స్‌ప్రెస్ అనే కంపెనీతో 30 ఏళ్ల రాయితీ ఒప్పందం చేసుకుంది. రాయితీ ఒప్పందమంటే ఇక్కడ ధర తగ్గింపు కాదు. ప్రజల ఆస్తిని నిర్ణీత కాలం పాటు నడిపి, దాని మీద వచ్చే రాబడి తీసుకుని, ప్రభుత్వానికి ఒప్పుకున్న రుసుము చెల్లించి, గడువు తీరాక ఆస్తిని తిరిగి అప్పగించే హక్కు. దీన్నే పాలనా పరిభాషలో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం అంటున్నారు. ఢిల్లీ ఒప్పందంలో ప్రత్యేకమైన విషయం పనుల పంపకం. సొరంగాలు, స్తంభాలు, వాటి మీది వంతెన, స్టేషన్ల కట్టడం కార్పొరేషన్ వంతు. పట్టాలు, కరెంటు తీగలు, సిగ్నళ్లు, రైళ్లు, ఆపైన నడిపే బాధ్యత కంపెనీ వంతు. ఒకరు కట్టిన వంతెన మీద మరొకరు పట్టాలు పరిచి రైలు నడపాలన్న మాట. వంతెన కట్టినవారికి రైలు రాబడితో సంబంధం లేదు, రైలు నడిపేవారికి వంతెన నాణ్యత మీద అదుపు లేదు. రెండింటికీ నడుమ ఉన్న గీత కాగితం మీద స్పష్టంగానే కనిపించినా, కాంక్రీటులో ఆ గీత ఎక్కడ పడుతుందో ఎవరూ ముందుగా తేల్చుకోలేదని తరువాతి చరిత్ర చెబుతుంది.

మొదట్లో మార్గం పొడవు 22.7 కిలోమీటర్లు, స్టేషన్లు ఆరు. న్యూఢిల్లీ రైల్వే స్టేషన్ అజ్మేరీ గేటు వైపు మొదలై, కన్నాట్ ప్లేస్ పక్కనున్న శివాజీ స్టేడియం మీదుగా నేల కింద సాగి, ఆరావళి కొండల చివరి కొస అయిన రిడ్జ్ అడవిని దాటాక పైకి వచ్చి, ధౌలా కువా మీదుగా జాతీయ రహదారి వెంట వంతెన మీద నడిచి, మళ్లీ నేలలోకి దిగి, ఏరోసిటీ, టెర్మినల్ 3 స్టేషన్ల గుండా ద్వారక సెక్టర్ 21 చేరుతుంది. దాదాపు 16 కిలోమీటర్లు సొరంగం, మిగిలిన దాదాపు 7 కిలోమీటర్లు వంతెన. ఢిల్లీ మెట్రో తొలి దశ మార్గాలను భారతీయ రైల్వేల బ్రాడ్ గేజ్‌లో, అంటే పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్ల ఎడంతో వేయగా, దీన్ని ప్రపంచంలోని చాలా మెట్రోల్లో వాడే 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌లో వేశారు. రైలు పెట్టెలు స్పెయిన్ నుంచి వచ్చాయి.

ఈ మార్గంలో అన్నిటికంటే కొత్తగా కనిపించిన ఏర్పాటు నగరంలోనే చెక్-ఇన్. ప్రయాణికుడు న్యూఢిల్లీ స్టేషన్‌లో విమాన సంస్థ కౌంటర్ దగ్గర పెట్టె తూకం వేయించి, దానికి చీటీ కట్టించి, బోర్డింగ్ పాస్ చేతికి తీసుకుంటే చాలు, ఆ పెట్టె మళ్లీ ఆయన కంటబడేది గమ్యం చేరిన తర్వాతే. తనిఖీ పూర్తయిన పెట్టెలను కిందికి దించి, రైల్లో వాటికి కేటాయించిన చోట ఎక్కించి, టెర్మినల్ 3 దగ్గర దించి నేరుగా విమానాశ్రయపు సామాను యంత్రాలకు అప్పగిస్తారు. పెట్టె యజమాని చేతిసంచితో అదే రైల్లో కూర్చుని వస్తాడు. రైలుకీ విమానానికీ నడుమ ఉండే పెట్టెల మోత, టాక్సీ బేరం, ట్రాలీ వెతుకులాట ఒక్క కౌంటర్‌తో మాయమయ్యే ఈ పద్ధతి నిజంగా గొప్ప సౌకర్యం. దాన్ని నడపడానికి విమాన సంస్థలు, భద్రతా సిబ్బంది, రైలు సంస్థ నిమిషాల లెక్కన కలిసి పనిచేయవలసి ఉంటుంది.

క్రీడలకు రైలు అందలేదు. పనులు గడువు దాటాయి, భద్రతా అనుమతులు ఆలస్యమయ్యాయి, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన క్రీడాకారులూ ప్రేక్షకులూ రోడ్డు మీదే నగరంలోకి వచ్చారు. రైలు 2011 ఫిబ్రవరి 23న మొదలైంది. ధౌలా కువా, ఏరోసిటీ స్టేషన్లు అప్పటికింకా తెరవలేదు; అవి కొన్ని నెలల తర్వాత అందుబాటులోకి వచ్చాయి. ఏరోసిటీ పేరుతో విమానాశ్రయం పక్కన కడుతున్న హోటళ్లు భద్రతా అనుమతుల దగ్గర ఆగిపోవడంతో అక్కడి నుంచి రావలసిన ప్రయాణికులూ రాలేదు. చార్జీ సాధారణ మెట్రో చార్జీకి ఎన్నో రెట్లుండడం వల్ల రోజువారీ ఉద్యోగి ఎక్కలేదు, ఇంటి ముంగిట కారు ఎక్కి టెర్మినల్ ముంగిట దిగే అలవాటున్న సంపన్నుడూ పెద్దగా ఎక్కలేదు. ఒప్పందం నాటి అంచనాలకూ నిజంగా ఎక్కిన ప్రయాణికుల సంఖ్యకూ నడుమ చాలా ఎడం ఏర్పడింది. అంచనా వేసినవారు విమానం దిగేవారిని లెక్కించారు గాని, టెర్మినల్‌లో పనిచేసే వేలాది సిబ్బందినీ, ద్వారక నుంచి రోజూ కన్నాట్ ప్లేస్‌కు పోయే ఉద్యోగులనూ ఈ రైలు ప్రయాణికులుగా ఊహించలేదు.

2012 జులైలో రైళ్లు ఆగిపోయాయి. వంతెన నిర్మాణం ఎలా ఉంటుందో తెలిస్తేనే ఆ ఆగడం అర్థమవుతుంది. రెండు స్తంభాల నడుమ పరిచే పొడవాటి కాంక్రీటు దూలాన్ని గడ్డర్ అంటారు. అది నేరుగా స్తంభం తల మీద కూర్చోదు. ఎండకు కాంక్రీటు వ్యాకోచిస్తుంది, చలికి ముడుచుకుంటుంది, రైలు వేగంగా పోయినప్పుడు కంపిస్తుంది, బ్రేకు వేసినప్పుడు ముందుకు నెడుతుంది. ఈ కదలికలన్నీ స్తంభాన్ని చీల్చకుండా మధ్యలో సర్దుకునే మెత్తని ఆధారమొకటి కావాలి. ఆ ఆధారమే బేరింగ్. చూడటానికి అరటిదిమ్మె కింద పెట్టిన పీటలా చిన్నదే అయినా గడ్డర్ బరువు, దాని మీది రైలు బరువు అంతా దాని గుండానే స్తంభంలోకి దిగుతుంది. ఈ బేరింగుల దగ్గర లోపాలు, గడ్డర్లలో పగుళ్లు కనిపించాయి. తర్వాత విచారణ జరిపిన ట్రైబ్యునల్ ముందుకు వచ్చిన లెక్క ప్రకారం 510 గడ్డర్లలో 367 గడ్డర్లకు పగుళ్లున్నాయి. పగుళ్లున్నాయన్న విషయంలో పెద్ద వివాదం లేదు. అవి రైలును ప్రమాదంలో పడవేసేంతటివా, మరమ్మతుతో సరిపోయేవా అన్నదే అసలు వివాదం.

లోపాలను 90 రోజుల్లో సరిదిద్దాలని కంపెనీ 2012 జులై 9న నోటీసు ఇచ్చింది. సరిదిద్దలేదంటూ అక్టోబరు 8న ఒప్పందాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. కార్పొరేషన్ మధ్యవర్తిత్వాన్ని, అంటే కోర్టు బయట ఇరుపక్షాలూ ఒప్పుకున్న నిర్ణేతల చేత తీర్పు చెప్పించుకునే పద్ధతిని ఆశ్రయించింది. ఆ వివాదం ఒకవైపు నడుస్తుండగానే మరమ్మతులు జరిగాయి, మెట్రో రైల్వే భద్రతా కమిషనర్ అనుమతి ఇచ్చారు, 2013 జనవరి 22న రైళ్లు గంటకు 50 కిలోమీటర్ల వేగ పరిమితితో మళ్లీ కదిలాయి. రద్దయిందని తాను చెప్పిన ఒప్పందం కిందనే కంపెనీ కొన్ని నెలలు రైళ్లు నడిపి, జూన్ చివరితో తప్పుకుంది. 2013 జులై 1న కార్పొరేషన్ నిర్వహణను స్వయంగా చేపట్టింది. ఒక్క రోజు కూడా రైలు ఆగకుండా ఈ మార్పిడి జరగడం ఆ సంస్థ సిబ్బంది సామర్థ్యానికి నిదర్శనం.

వ్యాజ్యం మాత్రం అంత త్వరగా తెమలలేదు. 2017 మే 11న ముగ్గురు సభ్యుల మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్, కార్పొరేషన్ కంపెనీకి 2,782.33 కోట్ల రూపాయలు, దాని మీద వడ్డీ చెల్లించాలని చెప్పింది. 2018 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దాన్ని సమర్థించింది, 2019 జనవరిలో అదే కోర్టు ద్విసభ్య ధర్మాసనం కొట్టివేసింది, 2021 సెప్టెంబరు 9న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ రవీంద్ర భట్‌ల ధర్మాసనం తిరిగి నిలబెట్టింది. వడ్డీతో కలిపి బాకీ 8,000 కోట్ల రూపాయల దరిదాపులకు పెరిగింది. పునస్సమీక్ష కూడా వీగిపోయాక మిగిలేది క్యూరేటివ్ పిటిషన్. తన తుది తీర్పులో తీవ్రమైన అన్యాయం జరిగిందని తోస్తే సుప్రీంకోర్టే దాన్ని సరిదిద్దుకోవడానికి 2002లో ఏర్పరచుకున్న, బహు అరుదుగా ఫలించే ఆఖరి మార్గమది. 2024 ఏప్రిల్ 10న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ముగ్గురు సభ్యుల ధర్మాసనం ఆ పిటిషన్‌ను అనుమతించి, ట్రైబ్యునల్ తీర్పును పక్కన పెట్టింది. లోపాన్ని 90 రోజుల్లో పూర్తిగా సరిదిద్దడం మాత్రమే గాక, సరిదిద్దడానికి ఫలవంతమైన చర్యలు మొదలుపెట్టినా ఒప్పందం రద్దు కాదని షరతులో ఉండగా, ఆ రెండో భాగాన్ని ట్రైబ్యునల్ పట్టించుకోలేదనీ, రైళ్లు నడపవచ్చన్న భద్రతా కమిషనర్ ధ్రువపత్రాన్ని విడిచిపెట్టిందనీ కోర్టు తప్పుపట్టింది. వేల కోట్ల బరువు చివరికి ఒక షరతులోని చిన్న పదబంధం మీద నిలబడింది. న్యాయశాస్త్రపరంగా తీర్పు సబబే. అయినా వంతెనకు పగుళ్లు ఎందుకు వచ్చాయన్న ప్రశ్న పన్నెండేళ్ల వాదోపవాదాల్లో వెనక వరుసలోనే ఉండిపోవడం విచారించవలసిన విషయం.

ఈ కథకు తెలుగు నేలతో ఉన్న సంబంధం పేర్ల దగ్గరే ఆగదు. ఢిల్లీ ఒప్పందంపై సంతకాలు జరిగిన కొద్ది వారాలకే, 2008 సెప్టెంబరులో, శ్రీధరన్ హైదరాబాద్ మెట్రో టెండర్ గురించి ప్రణాళికా సంఘానికి హెచ్చరిక లేఖ రాశారు. అక్కడ మేటాస్ నాయకత్వంలోని బృందం ప్రభుత్వం నుంచి పైసా అడగకపోగా తానే 30,311 కోట్ల రూపాయలు ఇస్తానన్నది. మెట్రో కోసం ఇచ్చే భూముల మీద రాబడిని చూసుకునే ఇలాంటి బేరం కుదురుతుందని, ఇది ప్రజల ఆస్తికి చేటని ఆయన వాదన. ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ లేఖపై మండిపడింది. 2009 జనవరిలో అదే కుటుంబానికి చెందిన సత్యం సంస్థలో కుంభకోణం బయటపడ్డాక మేటాస్ కూలి, ఆ ఒప్పందం రద్దయింది. కొత్త టెండర్‌లో పని ఎల్ అండ్ టీకి దక్కి, 2017 నవంబరులో తొలి రైలు నడిచింది. హైదరాబాద్ విషయంలో అంత దూరం చూసిన వ్యక్తి, అదే నెలల్లో ఢిల్లీలో తన సంస్థ చేసుకున్న పంపకపు ఒప్పందంలోని బలహీనతను ఎందుకు ఆపలేకపోయారన్నది ఆయన ఘనతను ఏమాత్రం తగ్గించకుండానే అడగదగిన ప్రశ్న. గడువు తరుముతుంటే జాగ్రత్తపరులు సైతం కొన్ని గీతలను వదిలేస్తారని అనుకోవడమే దీనికి దగ్గరి సమాధానం.

కార్పొరేషన్ చేతికి వచ్చాక మార్గం స్వభావమే మారింది. 2014లో ఒకసారి, 2015లో మరోసారి చార్జీలు బాగా తగ్గించారు; వేగ పరిమితిని మెట్టుమెట్టుగా సడలించారు. ద్వారక వాసులు, టెర్మినల్ ఉద్యోగులు, ఏరోసిటీ హోటళ్ల సిబ్బంది, న్యూఢిల్లీలో రైలు దిగినవారు ఎక్కడం మొదలుపెట్టారు. ధౌలా కువా స్టేషన్‌కు దగ్గరలో ఉండి కూడా దానితో కలవని మెట్రో పింక్ మార్గపు స్టేషన్‌కు 1.2 కిలోమీటర్ల ఆకాశ నడవా కట్టి, దారి పొడవునా కదిలే నడక పట్టీలు అమర్చి, 2019 ఫిబ్రవరిలో తెరిచారు. ఆ పింక్ మార్గపు స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర మహిళా సభ స్థాపించి, రాజ్యాంగ సభలో కూర్చున్న ఆమె పేరు పక్కగా నడుస్తూ ఇప్పుడు ఢిల్లీ విద్యార్థులు విమానాశ్రయ రైలు అందుకుంటున్నారు. ఎక్కువ చార్జీ ఇచ్చే కొద్దిమంది కోసం కట్టిన రైలును, తక్కువ చార్జీ ఇచ్చే ఎక్కువమంది ఈ విధంగా బతికించారు.

2023 సెప్టెంబరు 17న మార్గాన్ని మరో రెండు కిలోమీటర్లు పొడిగించి, యశోభూమి సమావేశ కేంద్రం ఉన్న ద్వారక సెక్టర్ 25 వరకు తీసుకెళ్లారు. పదేళ్ల కిందట 50 కిలోమీటర్లతో తిరిగి మొదలైన రైలు అప్పటి నుంచి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో నడుస్తోంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దిగి అజ్మేరీ గేటు వైపు బయటికి వచ్చిన ప్రయాణికుడు ఆ రైలెక్కితే దాదాపు 16 నిమిషాల్లో టెర్మినల్ 3 చేరుతున్నాడు. ఇటు హైదరాబాద్‌లో షంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో, ఢిల్లీ ఒప్పందం కంటే అయిదు నెలల ముందే తెరుచుకుంది. దానికి రాయదుర్గం నుంచి 31 కిలోమీటర్ల మెట్రో కోసం 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగింది, మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక ఆ మార్గాన్ని పక్కన పెట్టి వేరే దారి ఎంచుకున్నారు. ఆ విమానాశ్రయంలో దిగినవారు నగరంలోకి ఇప్పటికీ పుష్పక్ బస్సులోనో కారులోనో రావలసిందే.